సుమ్హురమ్‌లో రెండో బేరం

బయలుదేరేనాటికి సమీయుల్లా చేతిలో ఉన్నవి ఇవి: మస్కట్‌లోని అల్ హైల్‌లో ఒక చిన్న అంగడి, అందులో నిప్పుల మీద వేస్తే చేదు పొగ కక్కే లుబాన్, సలాలా వైపు పోయినేడు చెడగొట్టుకున్న ఒక పరిచయం. లుబాన్ అంటే ఇక్కడి కొండచెట్ల బంక, మన సాంబ్రాణి లాంటిది. టోకు వర్తకుడు అందులో కల్తీ కలుపుతున్నాడు. పాత గిరాకీలు కొన్న పొట్లాలు తెచ్చి బల్ల మీద పడేసి పోతున్నారు. మంచి సరుకు నేరుగా దొరక్కపోతే షట్టర్ దించి కడపకు పోవడమే.

అందుకే భార్య రాబియాను వెంటబెట్టుకుని, ఎడారి దారంతా కారు తోలుకుంటూ మళ్ళీ సలాలా దగ్గరి సుమ్హురమ్ చేరాడు. సముద్రపు పాయ ఒడ్డున రాతిగోడలు మిగిలిన పాత రేవు అది. ప్రవక్త, రాజు అయిన సులేమాన్ నబీ దగ్గరికి కానుకలతో వెళ్ళిన షేబ రాణి సరుకు ఇక్కడే ఓడలెక్కిందని జనం చెప్పుకుంటారు. పోయినేడు చూద్దామని వచ్చినప్పుడు, గోడల కింద ఒంటెలు మేపుకునే ఫహద్ పరిచయమయ్యాడు. కొండల్లో ఆయనకు సొంత చెట్లున్నాయి. చాప మీద కూర్చోబెట్టి కాఫీ పోయబోతుంటే, సమీయుల్లా సంచిలోంచి కాటా తీసి ముందు పెట్టాడు. ఫహద్ లేచి ఒంటెల వెంట వెళ్ళిపోయాడు.

"ఈ తూరి నోరు కట్టుకో," అంది రాబియా గుట్ట దిగుతూ. "ఆయప్ప పోసింది తాగు. అడిగిందానికి బదులు చెప్పు."

"బేరం నాకు నేర్పుతాండావా?"

"పోయినేడే నేర్పింటే పెట్రోలన్నా మిగిలేది."

ఫహద్ గుర్తుపట్టాడు గానీ నవ్వలేదు. చాప చూపించి, ఖర్జూరాలు జరిపి, కాఫీ పోశాడు. తర్వాత ఇక్కడ చాలామందికి వచ్చే బొంబాయి హిందీలో, మిత్రమా అని అరబ్బీలో పిలుస్తూ అడిగాడు. "ఏం కబుర్లు, సదీక్?"

పని మాటకు ముందు వచ్చినవాడు తన కబుర్లు చెప్పాలి. అది ఇక్కడి పద్ధతి.

"అంతా ఖైరే. వ్యాపారం జోరు," అన్నాడు సమీయుల్లా. అవసరం బయటపెట్టుకున్నవాడికి ధర పెరుగుతుందన్నది అతనికి ఉగ్గుపాలతో పట్టిన పాఠం.

ఫహద్ మళ్ళీ పోశాడు. "వ్యాపారం జోరుగా ఉన్నవాడు మస్కట్ నుంచి రెండోసారి రాడు."

"చెప్పేయరాదా," అని రాబియా తెలుగులో గొణిగింది. "ముసలోడే గానీ గుడ్డోడు కాదు."

సమీయుల్లా కాఫీ మింగాడు. చెప్పకుండా తిరిగిపోయేది లేదనుకున్నాడు. కల్తీ సంగతి, తిరిగొచ్చిన పొట్లాలు, మూతబడబోయే అంగడి, దాచకుండా వరసగా చెప్పాడు. ఫహద్ చివరిదాకా విని గడ్డం గోక్కున్నాడు.

"మరి పోయినేడు కాటా తీసిందెందుకు?"

"మా ఊళ్ళో అంతే. ముందు తూకం, తర్వాతే టీ."

"మా ఊళ్ళో ముందు తూకమేస్తే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు," అన్నాడు ఫహద్, ఇప్పుడు నవ్వుతూ.

గుడిసెలోంచి మూట మోసుకొచ్చి, లేత పచ్చ పలుకు ఒకటి నిప్పు మీద వేశాడు. తెల్లని పొగ నిమ్మతొక్క వాసనతో లేచింది. ధర చెప్పాడు. సమీయుల్లా నాలుక చివరికి వచ్చిన మాటను మింగి, ఒప్పుకున్నాడు.

సలాలా దారి పట్టాక లెక్క చూసుకున్నాడు. బేరమాడితే మిగిలే నాలుగు రియాళ్ళు పోయాయి. మంచి లుబాన్ ఒక మూట వచ్చింది. వానలు వెళ్ళాక కొత్త కోతకు తిన్నగా తన ఇంటికే రమ్మన్న ఫహద్ మాట వచ్చింది. అంగడి నిలిచింది.