సన్నికల్లు కింద తాటిదోనె

నేను ఒక తాటిదోనెను. పడవ అనకండి, అసలు పడవలు వింటే నవ్వుతాయి. తాటిచెట్టు మొదలును నిలువునా చీల్చి, లోపలి బెండంతా తవ్విపారేసి, మిగిలిన డొక్కను నీళ్ళలోకి తోస్తే అదే నేను. గుండె తీసేస్తే తప్ప మనుషులు ఎవరినీ తేలనివ్వరని నాకు ఆనాడే తెలిసింది. నన్ను చెక్కిన వడ్రంగి వీరభద్రం మాత్రం పని జరిగినంతసేపూ తన వియ్యంకుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాడు.

అంతకు ముందు కాలువ గట్టు మీద నిలబడి దూరంగా మెరిసే సముద్రాన్ని చూసేదాన్ని. పిడుగు పడి తల మాడాక గాని కిందికి దిగే యోగం పట్టలేదు. తీరా దిగితే మొదట కొన్న రైతు వానాకాలంలో మునిగిన చేల మీద వరిపనలు మోయించాడు, వేసవిలో గొడ్లకు కుడితి పోశాడు. అలా కుడితి తొట్టిగానే నా బతుకు తెల్లారిపోయేది. ఒక రోజు ఎండుచేపలు అమ్ముకుంటూ వచ్చిన లోవరాజు ఎద్దు మూతిని పక్కకు నెట్టి, నా డొక్క మీద వేళ్ళతో తట్టి, పుచ్చకాయను చూసినట్టు చెవి పెట్టి విన్నాడు. తట్టలో మిగిలిన చేపలన్నీ రైతుకు ఇచ్చేసి నన్ను తీసుకుపోయాడు.

అతని ఊరు కాకినాడ అవతల, మడ అడవుల అంచున. అక్కడి నీళ్ళు ఒక చోట నిలవవు. పోటు వస్తే సముద్రం అఖాతం దాటి పాయల్లోకి ఎక్కుతుంది, పాటు వస్తే మడచెట్ల వేళ్ళు బయటపడేదాకా దిగిపోతుంది. ఆ రెండింటికీ మధ్య నీళ్ళు ఎటూ తేల్చుకోలేక ఆగే కాసేపట్లో పండుగప్ప చేప వేటకు వస్తుంది. వేళ్ళ సందుల్లోంచి జారే రొయ్య కోసం, కొయ్యింగ చేపపిల్ల కోసం మలుపుల్లో కాపు వేస్తుంది. దాని కోసం లోవరాజు గాలం వేసి నాలో కూర్చునేవాడు. ఒంటి మీద దోమ వాలినా కొట్టుకునేవాడు కాదు. ఇంటి దగ్గర క్షణం కుదురుగా ఉండని మనిషి చేప ముందు ఎంత బుద్ధిమంతుడో చూసి అతని భార్య నూకరత్నం మూతి తిప్పేది.

నాకు ఒక వైపు చెట్టు మొదలే గోడ. రెండో వైపు తెరిచే ఉంటుంది, అక్కడ మట్టిముద్ద పెట్టి మూయాలి. అది నూకరత్నం పని. రేగడిమట్టిలో ఊక కలిపి, పిసికి పిసికి, నా మూతికి అద్ది, వేళ్ళతో నొక్కేది. లోవరాజు పెడితే సగం దారిలోనే ఊడేది, ఆమె పెడితే తిరిగి వచ్చేదాకా ఉండేది. ఆ వేళ్ళ అచ్చులు మూతి మీద ఉంటే నాకు నిండుగా బొట్టు పెట్టుకున్నట్టు ఉండేది.

ఒక మనిషికి చెక్కిన దోనెలో అప్పుడప్పుడు ఇద్దరూ ఎక్కేవాళ్ళు. నాలో కూర్చుని గట్టిగా పోట్లాడటం కుదరదు, ఒకరు కోపంతో లేచినా ఇద్దరూ నీళ్ళలో పడతారు. అందుకని వాళ్ళ పోట్లాటలన్నీ కదలకుండా, గొంతు పెంచకుండా జరిగేవి. అలా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ దేనికి పోట్లాడుతున్నారో మరిచిపోయేవాళ్ళు. అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

ఒక ఏడాది పాయల్లో చేప తగ్గింది. లోవరాజు ఇంజను బోటులో సముద్రం మీదికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు, సీజను అయ్యేదాకా రాడు. తాటిచెక్క ఎండలో పడి ఉంటే నెర్రెలిస్తుంది కాబట్టి నాలాంటి వాటిని నీళ్ళలో ముంచి ఉంచుతారు. ఉప్పునీళ్ళలో అయితే ఒక్క సీజనే, అది దాటితే పురుగు తొలిచేస్తుంది. ఊరికి ఎగువన మడచెట్ల మలుపులో నా మూతి మట్టి తీసి ముంచాడు. పైన బరువు పెట్టాలి, మా వైపు రాయి దొరకడం గగనం. ఇటుక ముక్కలు చాలక ఇంటికి పరుగెత్తి వంటింట్లోని సన్నికల్లు భుజాన వేసుకుని వచ్చాడు. వెనకే నూకరత్నం వచ్చింది.

"సన్నికల్లు అట్టుకొచ్చేత్తే పచ్చడి దేని మీద నూరుకోమంటావయ్యా?"

"వచ్చేక దోనెనీ దాన్నీ నేనే తీత్తాను. అందాకా పొత్రం నీకాడ ఉంచుకో."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అతను సన్నికల్లును నా అంచుల మీద అడ్డంగా పెట్టి, రెండు చేతులతో అదిమి చూసి వెళ్ళిపోయాడు.

నీళ్ళ కింద ఉన్న దానికి కబుర్లు ఆలస్యంగా చేరతాయి. కార్తీకంలో పాయ అంతా బురద బురదగా తిరగబడితే పైన వాయుగుండం అనుకున్నాను. తరవాత గట్టు మీద మనుషుల మాటలను బట్టి తెలిసింది, కొన్ని బోట్లు ఎక్కడెక్కడో ఒడ్డుకు చేరాయని, లోవరాజు ఎక్కిన బోటు జాడ లేదని. వెతికినవాళ్ళు వెతికారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. నూకరత్నం మాత్రం పచ్చడి నూరుకోవాల్సి వస్తే పొత్రం చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్ళి వాళ్ళ సన్నికల్లు మీద నూరుకుని వచ్చేదట. కొత్తది కొనిపెడతామంటే వద్దనేదట. ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

సీజను దాటింది. లోవరాజు తమ్ముడు సూరిబాబు గట్టు మీద నిలబడి నన్ను చూపించాడు.

"పురుగట్టేత్తంది వదినా. ఈ పాటుకి తీసేద్దాం."

"ముంచినోళ్ళే తీత్తారు సూరిబాబూ. నువ్వు సెయ్యెట్టకు."

నాకు ఏడుపొచ్చింది. అప్పటికే పురుగు నా పక్కల్లో సన్నగా దారులు చేసుకుంటోంది. నన్ను పైకి తీస్తే లోవరాజు రాడని ఒప్పుకున్నట్టు, తీయకపోతే నేను దక్కను. ఆమె బాధ నాకు తెలుసు. అయినా పైకి రావాలని, ఆ చేతి మట్టి నా మూతికి తగలాలని మొహం వాచి ఉన్నాను.

ఈలోగా ఒక వింత జరిగింది. సన్నికల్లు కింద నీడ చూసుకుని నా కడుపులో ఒక పండుగప్ప కాపురం పెట్టింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఏళ్ళ తరబడి వాటి కోసం పాయలన్నీ తిరిగాను, తీరా మునిగాక అవే నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. అది నూకరత్నం కనిపెట్టింది. పోటు ఆగే వేళకు వచ్చి, మడవేరు మీద కూర్చుని, నా మీదికి గాలం వదిలేది. భర్తను చూసి నేర్చుకున్నదే, అతనిలాగే దోమనైనా కొట్టుకోకుండా. దొరికిన చేప అమ్ముకుని బతికింది. ఎక్కడ పట్టావమ్మా అని ఎవరన్నా అడిగితే, మా ఆయన చూపించిన చోట అనేది. నీటి మీద ఆమె నీడ పడగానే నా నెర్రెలన్నీ పూడినట్టు ఉండేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె గాలానికి అన్నిటికంటే పెద్దది తగిలింది. నా కడుపులో అందరికంటే పాత కాపురం దానిదే. అది తప్పించుకోవడానికి సన్నికల్లు కిందినుంచి దూరి, పైకి లేచి, మళ్ళీ దూరింది. గాలం తాడు రాయికి చుట్టుకుంది. ఆమె లాగితే రాదు, వదిలితే పోతుంది. పాటు మొదలై నీళ్ళు దిగుతున్నాయి. చీర బిగించి పాయలోకి దిగింది. తాడు పట్టుకుని, దాని వెంటే చెయ్యి కిందికి జార్చుకుంటూ వచ్చింది. ఆ చెయ్యి సన్నికల్లు మీద పడింది.

అంతే, ఆమె కదల్లేదు. నాచు పట్టిన రాతిని అరచేత్తో తడుముతూ, పచ్చళ్ళు నూరి నూరి నడుమ పడిన గుంటను వేళ్ళతో వెతుక్కుంది. తాడు చివర చేప కొట్టుకుంటున్నా ఆమెకు పట్టలేదు.

"నువ్వింక రావు," అంది. "నాకు తెలుసు. ఎప్పుడో తెలుసు."

తరవాత గట్టిగా ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఏడవడం నేను వినడం అదే మొదలు. ఏడుస్తూనే సన్నికల్లు పైకెత్తింది. తాడు వదులై, పండుగప్ప గాలం విదిలించుకుని, పాయ సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్ళిపోయింది. ఆమె అటు చూడను కూడా చూడలేదు. ఇటుక ముక్కలు ఒక్కొక్కటీ తీసి పారేసింది, పాటుకు పాయ నీళ్ళు దిగిపోయాక నాలోని నీళ్ళు దోసిళ్ళతో తోడిపోసింది. పాయ అడుగున ఉన్న బురదే తీసి పిసికి నా మూతికి అద్ది, పురుగు చేసిన బెజ్జాలకు కూడా పూసింది. సన్నికల్లును నాలో పెట్టి, పాయ నడుమకు దించి, నడుము లోతు నీళ్ళలో ఆవును తోలుకెళ్ళినట్టు నన్ను తోసుకుంటూ నడిచింది. లోతు వచ్చిన చోట ఎక్కి చేతులతోనే తెడ్డేసింది. నాకు తెలిసిన ఇద్దరి బరువులో ఒకరి బరువే ఉంది. రేవులో సూరిబాబు చూసి, తువ్వాలు నడుముకు బిగించి నన్ను ఒడ్డుకు లాగాడు.

ఇక నేను తేలను. డొక్కంతా జల్లెడ అయిపోయింది. నూకరత్నం పెరట్లో గోడవార పడి ఉన్నాను, కోళ్ళు నాలో గుడ్లు పెడుతున్నాయి. పొద్దున్నే వంటింట్లో సన్నికల్లు మీద పొత్రం తిరిగే చప్పుడు వింటాను. పోటు వేళకు గాలి ఉప్పగా వీస్తే అలవాటు కొద్దీ నా డొక్క చిటపటమంటుంది.

ఎండకు నా మూతి మట్టి ఎండి రాలిపోతుంటుంది. రాలినప్పుడల్లా నూకరత్నం రేగడిమట్టిలో ఊక కలిపి, పిసికి పిసికి, కొత్త ముద్ద అద్ది, వేళ్ళతో గట్టిగా నొక్కి వెళుతుంది. నీళ్ళు చేరని పెరట్లో దోనెకు మూతి ఎందుకని పక్కింటివాళ్ళు అడుగుతారు. నేను మాత్రం అడగను.