చూడని ఏడు నెలలు

పాప సాక్సుల్లో ఒకటి కనబడలేదు. మంచం కింద చూశాను, బకెట్‌లో చూశాను, మడతపెట్టని బట్టల గుట్టంతా తిరగేశాను. "ఆకాశంలో పేలిన చుక్కలు కనబడతాయి గానీ, ఇంట్లో సాక్సు కనబడదు నీ పెళ్లానికి" అన్నారు అత్తయ్య, నాకు వినబడేలాగే. ఆయన నవ్వి పేపర్ తిప్పారు. వాషింగ్ మెషిన్‌లో చూడమని ఆయనకి చెప్పి బస్సుకి పరుగెత్తాను. సాయంత్రం అయిదింటికల్లా మా పరిశోధన పత్రం పంపాలి. అందులో ఒక మాట దగ్గర ప్రాణం కొట్టుకుంటోంది.

మా చుట్టుపక్కల గెలాక్సీల్లో నక్షత్రాలు ఎంత తరచుగా పేలిపోతాయో లెక్కగట్టడం మా పని. టెలిస్కోపు తనంతట తనే ఫోటోలు తీస్తుంది. పాత ఫోటో పక్కన కొత్తది పెట్టుకుని, నిన్న లేని చుక్క ఇవాళ ఉందా అని చూడటానికి మాత్రం మనిషి కావాలి. నాలుగేళ్లుగా ఆ మనిషిని నేనే. దొరికిన పేలుళ్లని, చూసిన కాలంతో భాగిస్తే రేటు వస్తుంది. ఎంతకాలం చూశామన్నది తప్పితే అంతా తప్పినట్టే.

నిన్న పత్రంలోని పట్టిక చూశాను. నేను పురిటి సెలవులో ఉన్న ఏడు నెలలకీ వరసగా సున్నాలు! సున్నా అంటే, చూశాం, ఏమీ పేలలేదని. ఎవరు చూశారట? నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. కంప్యూటర్లో జాగా చాలక ఆ ఫోటోలు కూడా చెరిపేశారు. నలభై ఎనిమిది నెలల్లో ఏడు ఉత్తివే, రేటు ఏడో వంతు పడిపోయింది. పెద్దసారుకి చూపిస్తే గడ్డం గోక్కున్నారు.

"సరేనమ్మా, ఆ నెలలు తీసేద్దాం. కారణం దగ్గర మబ్బులని రాసెయ్. మనిషి లేక ఆగిందంటే మన పరువేం కాను?"

తలూపి వచ్చేశాను. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. రాత్రి ఇంట్లో చెబితే ఆయన, "లెక్క సరిచేస్తున్నారుగా, ఇంకేంటి నీ గోల? ఆ ఏడు నెలలూ ఇంట్లో హాయిగానే ఉన్నావుగా" అన్నారు. హాయిగానట! కుట్లు మానకముందే పొయ్యి దగ్గర నిలబడ్డాను. పాపని భుజాన వేసుకునే బట్టలు ఆరేశాను, చూడవచ్చిన చుట్టాలందరికీ కాఫీలు కలిపాను, కూర్చుని అన్నం తిన్న రోజు గుర్తులేదు. అదంతా ఎవరి కంటా పడలేదు. అక్కడా ఇక్కడా ఆ ఏడు నెలలకి నాకు సున్నాలే వేశారు.

ఇప్పుడు నాలుగున్నరైంది. కారణం గడిలో మబ్బులని కొట్టాను, చెరిపాను, మళ్లీ కొట్టాను. లేచి నీళ్లు తాగి వచ్చాను. అసలు ఆ ఏడు నెలల్లో మబ్బు పట్టిన రాత్రులు పట్టుమని పది లేవు. ఫోన్ మోగింది. ఆయన.

"ఆ సాక్సు ఎక్కడా లేదు."

"మెషిన్‌లో చూశారా?"

"చూడలేదు, లేదేమో అనుకున్నాను" అన్నారు.

"చూడకుండా లేదనకండి" అని ఫోన్ పెట్టేశాను.

పెద్దసారు గది తలుపు తెరిచే ఉంది. అటు చూడకుండా మబ్బులు చెరిపి, ఆ గడిలో ఇలా రాసి పత్రం పంపేశాను: చూసే మనిషి బిడ్డని కన్నది, ఆమె బదులు ఎవరూ చూడలేదు.