స్టేషనులో నన్ను యశ్విత అనేవారు

నేను ఒక స్టీలు ఫ్లాస్కును. పొట్ట కొంచెం లావు, మూత కొంచెం బిగువు. లోపల ఒక గోడ, బయట ఒక గోడ, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం వల్లే నాలో పోసింది చల్లారదట. అయినా నాకు ఎప్పుడూ భయమే. మూత సరిగా పడిందా, ఒరిగితే కారిపోతుందేమో, తాగేవాళ్ళకి నోరు కాలుతుందేమో. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఏం చేస్తాం.

సత్యవేణి అన్నయ్య తన మేనకోడలి బారసాలకి నన్ను కొన్నాడు. స్టీలు సామాను ఎవరికైనా ఇస్తే పేరు చెక్కించకుండా ఇవ్వరు కదా. కొట్టాయన నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, గుర్రుమనే మిషనుతో నా పొట్ట మీద 'చిరంజీవి యశ్వితకు మేనమామ దీవెనలు' అని చెక్కాడు. ఒళ్ళంతా జిల్లుమంది. ప్రేమ ఎక్కువైతే మనుషులు ఇలాగే గీకేస్తారు కాబోలు అనుకున్నాను.

తల్లిపాలు చాలక పాపకి డబ్బాపాలు పట్టేవారు. సత్యవేణి నీళ్ళు మరిగించి నాలో పోసి ఉంచుకునేది. కలిపిన పాలు మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, అప్పుడు పట్టేది. కొన్నాళ్ళకి ఆమెకి నిద్ర దూరమైంది. జడ వేసుకోవడం మానేసింది. నీళ్ళలో ఎవరో ఏదో కలుపుతున్నారని నా మూత విప్పి వాసన చూసేది, బిగించేది, మళ్ళీ విప్పేది. అత్తగారు మంగతాయారు దిష్టి తగిలిందని ఎర్రనీళ్ళు తీసి వీధిలో పోసింది. బాలింతకి మనసుకి కూడా జబ్బు చేస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఏం తెలుసు?

ఒక ఉదయం అత్తగారు కూరల బండి దగ్గరికి వెళ్ళగానే, సత్యవేణి నాలో మరిగిన నీళ్ళు నింపి, పాలడబ్బాతో పాటు సంచిలో పెట్టి, పాపని ఎత్తుకుని బస్సెక్కేసింది. పక్క ఊరి బస్టాండులో ఒక మూల కూర్చుని, దగ్గరికి వచ్చినవాళ్ళందరి మీదా అరిచింది. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని ఎవరో ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు. ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకుంటే, హెడ్ కానిస్టేబుల్ వీర్రాజు గారు పాపని లాగారు. ఆమె ఆయన చెయ్యి కొరికింది. "నీళ్ళు, నీళ్ళు" అని ఆమె నా కోసం అరుస్తుంటే, దాహమేమో అని ఎవరో చెంబుతో మంచినీళ్ళు తెచ్చారు. ఆ పెనుగులాటలో సంచి చిరిగి, పాలడబ్బా ఎటో దొర్లిపోయింది. నన్ను మాత్రం ఒక కానిస్టేబుల్ ఏరి జీపులో పడేశాడు.

భర్త వచ్చి పాపని ఇంటికీ, ఆమెని ఆసుపత్రికీ తీసుకెళ్ళాడు. నన్ను ఎవరూ అడగలేదు. సాయంత్రానికల్లా నేను టీ నింపుకుని స్టేషను వరండాలో తిరుగుతున్నాను.

పోయిన వస్తువులు వెతికిపెట్టడమే వాళ్ళ ఉద్యోగం. నా మీది పేరు రోజూ చదివేవారు కానీ, ఈ యశ్విత ఎవరని ఒక్కరికీ తోచలేదు. పైగా నన్నే ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. "యశ్విత ఖాళీ అయిందండి బాబూ, ఎవరన్నా హోటలు దాకా ఎళ్ళండి." చెడ్డవాళ్ళని చెప్పను. లాకప్పులో ఉన్నవాళ్ళకి కూడా నాలోంచే పోసేవారు.

కొన్నేళ్ళ తరవాత పోలీసులకి ఒక శిక్షణ పెట్టారు. మనసుకి జబ్బు చేసి కోలుకున్నవాళ్ళే వచ్చి తమ సంగతి చెబుతారు, అలాంటివాళ్ళు ఎదురైతే ఎలా మసలుకోవాలో పోలీసులు విని నేర్చుకోవాలి. అక్కడ టీ బాగుండదని మావాళ్ళు నన్ను వెంట తీసుకెళ్ళి వెనక బల్ల మీద పెట్టుకున్నారు.

శిక్షణ నడిపిస్తున్న డాక్టరమ్మ పిలవగానే ముందుకి వచ్చింది సత్యవేణి. కొంచెం ఒళ్ళు చేసింది. జడ బిగించి వేసుకుంది.

"ఇప్పుడు బాగానే ఉన్నానండి. మాత్రలు వేసుకుంటాను, మిషను కుడతాను. ఆవేళ మీవాళ్ళు పాపని లాగేసరికి, ఎత్తుకుపోడానికే వచ్చారనిపించింది. లాక్కోకుండా, పాపకి ఆకలేస్తుందేమోనమ్మా అని ఒక్క మాట అడిగుంటే, నేనే ఇచ్చేదాన్నేమో."

గొంతు తగ్గించింది.

"ఇప్పటికీ పాపని నాతో ఒంటరిగా వదలరండి. బడికి కూడా మా అత్తగారే దింపుతారు. ఉత్త చేతులతో తీసుకుపోయావు, ఏ గోదాట్లోనో పడేద్దామనే కదా, అంటారు. మరి మన ఫ్లాస్కు ఏదీ అని నేనడిగితే, ఎక్కడో పారేసుంటావులే అంటారు. నాకేమో వేడినీళ్ళు పట్టుకెళ్ళినట్టే గుర్తు. కానీ జబ్బులో ఏవేవో అనిపించేవి. ఇదీ అలాంటిదేనేమో. తెలీదండి."

నాకు తెలుసు. ఆ హాల్లోనే ఉన్నాను. చెప్పడానికి నోరుంది కానీ దానికి మూతుంది.

అంతలో వెనక వరసలో ఒక కానిస్టేబుల్ పక్కవాడితో గొణిగాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉండేసరికి ఆ గొణుగుడు అందరికీ వినపడింది.

"యశ్వితని ఇటు తొయ్ గురూ. నిద్దరొచ్చేత్తంది."

సత్యవేణి తలెత్తింది. "ఎవరిని తొయ్యమన్నారండీ? అది మా పాప పేరు."

వీర్రాజు గారు లేచి నన్ను చేతిలోకి తీసుకున్నారు. ఎన్నేళ్ళుగానో చూస్తున్న అక్షరాలని కూడబలుక్కుంటూ చదివారు. ముందుకి నడిచి ఆమె చేతిలో పెట్టారు.

"ఆవేళ బస్టాండులో దొరికిందమ్మా. టీకి బాగుందని ఉంచేసుకున్నాం."

ఆమె నా మీది పేరు వేలితో తడిమింది. "ఇందులో ఏముందండీ, అప్పుడు?"

"వేడినీళ్ళు. నేనే పారబోశాను. నువ్వు కొరికిన చోటే పడి చురుక్కుమంది. అందుకే గుర్తుంది."

ఆమె పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయి, నన్ను ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మాట మా అత్తగారితో చెబుతారా?"

"రేపే వచ్చి చెప్తానమ్మా."

"యూనిఫాం వద్దండి. మళ్ళీ నా కోసమే వచ్చారనుకుంటారు మా వీధిలో."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ముందు ఆమే నవ్వింది. అప్పుడు హాలంతా నవ్వింది.

మర్నాడు ఆయన గళ్ళ చొక్కా వేసుకుని వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, వేడినీళ్ళ సంగతి, పాలడబ్బా దొర్లిపోయిన సంగతి చెప్పారు. మంగతాయారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి ఇన్నేళ్ళూ దీంతో ఏం చేశారయ్యా?"

"టీ తాగామండి."

ఆయన వెళ్ళాక ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి చింతపండు పెట్టి తోమింది. తోముతూ ముక్కు చీదడం నేనొక్కదాన్నే విన్నాను.

పొద్దున్నే నాలో మంచినీళ్ళు పోసి, కోడలి చేతికి ఇచ్చింది. "నాకు మోకాళ్ళు పట్టేశాయి. పిల్లని నువ్వే దింపిరా" అంది. మోకాళ్ళు అంతకుముందే కూరల బండి దాకా వెళ్ళొచ్చాయి.

వీధి మలుపు దగ్గర సత్యవేణి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ రావడం లేదు. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, నడక ఇంకా తగ్గించింది.

"తొందరగా నడువమ్మా, బెల్లు కొట్టేస్తారు" అంది యశ్విత.

"కొట్టనీలేవే" అంది సత్యవేణి.