వదులు జాకెట్టు

దర్జీ ఆవిడకి కాన్సర్ అని తెలిసిన రోజు నుంచి వాళ్ల వదిన వంటిల్లు గుప్పిట్లో పెట్టుకుంది. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి తీపి వద్దంది, పాలు వద్దంది, గుడ్డు ఊసే ఎత్తొద్దంది. పొద్దున్నే గ్లాసుడు కాకరరసం మాత్రం తప్పదంది. కీమో మొదలయ్యాక ఆవిడ చిక్కి సగమైంది. తన జాకెట్లకి తానే పక్కలు పట్టి బిగించుకుంటూ వచ్చింది.

ఈసారి ఆసుపత్రిలో బరువు చూసిన డైటీషియన్ వదినామరదళ్లని కూర్చోబెట్టింది.

"తీపి మానేస్తే జబ్బు మాడి చస్తుందని ఎవరు చెప్పారండీ?"

"వీడియోలో చెప్పారు!" వదిన గొంతు పెంచింది.

"దానికి రుజువేం లేదు. మాడేది ఈవిడే. గుడ్డు బాగా ఉడికించి పెట్టండి, పాలు, పప్పు ఇవ్వండి. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. కొత్తది ఏది మొదలుపెట్టాలన్నా ముందు మమ్మల్ని అడగండి." తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "మీకేం తినాలనుందమ్మా?"

ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ అడగలేదు.

"ఐస్‌క్రీమ్," అంది ఆవిడ, వదిన వైపు చూడకుండా.

"హాయిగా తినండి."

గేటు దాటగానే వదిన విసవిసా వెళ్లి రెండు కప్పులు పట్టుకొచ్చింది.

"రెండెందుకు వదినా?"

"నీకు తోడుగా నేనూ తాగాను కదే, ఆ పాడు రసం!"

రోడ్డు మీదే ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఇంట్లో మిషన్ మీద, బిగించాల్సిన జాకెట్టు ఎదురుచూస్తోంది. వదిన అలవాటు కొద్దీ గుండుసూదుల డబ్బా అందించింది.

"లోపల పెట్టెయ్ వదినా. ఈసారి జాకెట్టుకి సరిపడా నేనే ఒళ్లు చేస్తా."