ఇస్త్రీపెట్టె ఎత్తినప్పటి ఊపిరి

రేడియోలో నా పాట వస్తోంది. గొంతు నాది కాదు. నా రికార్డు వచ్చి ఆరు వారాలు, ఈ తెల్లమ్మాయిది వచ్చి పది రోజులు. నన్ను ఒక్కసారీ వేయని స్టేషన్లు ఆమెను గంటకోసారి వేస్తున్నాయి. మెంఫిస్‌లో ఏ కిటికీ కింద నడిచినా ఇదే.

పాట పోయినందుకు కాదు నా బాధ. మా నల్లవాళ్ల వీధిలో అది అందరికీ అలవాటే. రెండో చరణంలో ఒక మాటను సగంలో తెంచి ఊపిరి పీలుస్తాను. ఆ పిల్లా సరిగ్గా అక్కడే పీల్చింది.

మా అమ్మ ఓజెల్లా ఊళ్లోవాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేసేది. పక్కనే నేనూ. ఇద్దరం పాడుతూ చేసేవాళ్లం. బరువైన పెట్టెను నొక్కేటప్పుడు ఊపిరి అందదు.

"ఎత్తినప్పుడే పీల్చుకోవే. లేకపోతే పాటా మాడుతుంది, చొక్కా మాడుతుంది" అనేది.

మధ్యాహ్నం కొత్త పాట రికార్డింగు. స్టూడియో యజమాని హోజియా ప్రూయిట్ మా రంగువాడే, భయస్థుడు. ఈసారి ఆ ఊపిరి వద్దన్నాడు. ఉంచితే నన్ను ఆ పిల్లకు నకలంటారట.

"నేనా నకలు?"

"నిజం నీకూ నాకూ తెలుసు. రేడియోకి తెలీదుగా తల్లీ."

"ఇక ఊపిరికి కూడా ఆ పిల్లనే అడగాలి, వెర్లీన్" అన్నాడు బేస్ వాయించే క్లియోటిస్, తీగ బిగిస్తూ.

ఆ ఊపిరి తీసేసి పాడాను. గంజి ఎక్కువైన కాలరులా బిగుసుకుపోయింది పాట. రెండోసారి కావాలనే రెండో చరణంలో ఊపిరి పెట్టాను. అది ఇంకా ఘోరం. నా చెవికే ఆ పిల్లలా వినిపించాను. మూడోసారి, నాలుగోసారి. ఏది నాదో, ఏది ఆమెను చూసి నేను చేస్తున్నదో తెలియడం లేదు. తలుపు వైపు చూశాను. వెళితే మళ్లీ రానని తెలుసు.

ఐదోసారి పాట కాగితాలు పెట్టే స్టాండు మీద కుడిచెయ్యి ఆనించాను. పాట మొదలయ్యాక చెయ్యి దానంతటది, ఇస్త్రీ చేస్తున్నట్టు, ముందుకూ వెనక్కూ కదలసాగింది. నేను ఆపలేదు. మొదటి చరణంలోనే, ఎవరూ అనుకోని చోట, చెయ్యి పైకి లేచింది. ఊపిరి వచ్చింది.

గాజు గోడ అవతల ప్రూయిట్ ఆపమని చెయ్యెత్తాడు. నేను ఆగలేదు. చొక్కా వీపు ఇంకా మిగిలే ఉంది.