సాక్షి ఇంటి పాడె

యజ్ఞనారాయణకి బెయిలు దొరికిన రోజున భిలాయిలో జిలేబీ దొరకలేదు. ఉన్నదంతా ఆయన మనుషులే కొని పంచేశారు. టీవీల వాళ్లు మైకులు పట్టుకుని జైలు గేటు దగ్గర పొద్దుటి నుంచీ కాచుకున్నారు. ఆయన బయటికి వచ్చాడో లేదో, మెడలో పడ్డ దండలకి మొహం కనబడకుండా పోయింది. ఆ గుంపుకి ఎడంగా, కారు పక్కన నిలబడి, నవ్వకుండా చూస్తున్న మనిషి ఒక్కతే. ఆమె ఆయన వకీలు శ్రీవిద్య. బెయిలు తెచ్చింది ఆమే. ఆ బెయిలు ఎంత సన్నటి దారానికి వేలాడుతోందో తెలిసింది కూడా ఆమెకే.

యజ్ఞనారాయణ బొబ్బిలి పక్క నుంచి పడుచువాడుగా వచ్చి, రైలుపట్టాలు చేసే మిల్లులో పనికి చేరాడు. తర్వాత యూనియన్‌లో పడ్డాడు. రిటైరయ్యాక ఊరుకోకుండా కాంట్రాక్టు కూలీల వైపు నిలబడ్డాడు. రాయపూర్‌లో మంత్రులు కూడా ఆయన వస్తే కుర్చీలోంచి లేచేవారు. కిందటేడు ఒక ప్రైవేటు కార్ఖానా గేటు ముందు ఆయన ధర్నా చేయించాడు. తోపులాటలో సూపర్‌వైజరు ఒకాయన మెట్ల మీంచి పడి, తల పగిలి ప్రాణం వదిలాడు. "కొట్టండి" అని మనుషుల్ని ఉసికొల్పింది యజ్ఞనారాయణే అని పోలీసులు కేసు కట్టారు.

ఆ మాట చెవులారా విన్నానని చెప్పిన సాక్షి ఒకే ఒక్కడు. ఉదయ్‌కుమార్. పరాయివాడేం కాదు, సెక్టర్ 2లో తల్లి గౌరీదేవితో ఉండే తెలుగు కుర్రాడు, ఆ కార్ఖానాలోనే వెల్డరు. వాడు మాట మార్చకపోతే యజ్ఞనారాయణ బతికినన్నాళ్లూ జైల్లోనే. అందుకే హైకోర్టు బెయిలిస్తూ ఒక షరతు పెట్టింది. సాక్షిని గానీ, వాడి ఇంటివాళ్లని గానీ కలవకూడదు, ఆ గుమ్మం ఛాయలకి పోకూడదు.

శ్రీవిద్య ఆ షరతు ఆయనకి చదివి వినిపించింది. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపడం అంటే ఏమిటో ఆమెకి అప్పటికే తెలుసు. కోర్టు హాల్లో "వకీల్ సాహెబా" అని చేతులు జోడించేవాడు. బయటికి రాగానే "గుంటా, టీ తాగుదాం రా" అనేవాడు. ఎత్తుకుని ఆడించిన పిల్ల చెప్పే చట్టం పెద్దవాళ్ల చెవికి ఎంతవరకు ఎక్కుతుంది?

వాయిదా దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఆదివారం శ్రీవిద్య సెక్టర్ 2 కూరల బజారుకి వెళ్లింది. బెండకాయల గంప దగ్గర గౌరీదేవి ఎదురైంది.

"ఒలే విద్యా!"

"అత్తా, మీతో నేను మాట్లాడకూడదు. కేసు ఉంది."

"నువ్వు మాటాడకు. నాను మాటాడతాను. నువ్వు కాయలు ఏరుకో." గౌరీదేవి పక్కనే గొంతుక్కూర్చుంది. "మావోడు పోలీసు టానాలో బయపడిపోయి ఆళ్లు సెప్పమన్నది సెప్పీసేడు. యజ్ఞం బాబు కొట్టమన్లేదంట. 'ఒద్దు, ఎనక్కి రండి' అని మైకులో అరిసేడంట. కోర్టులో నిజవే సెప్తానని నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేసేడు. ఇంక నువ్వు బెంగెట్టుకోకు."

శ్రీవిద్య తల ఎత్తలేదు. చేతులు మాత్రం కాయలు ఏరుతూనే ఉన్నాయి. ఇంటికి వచ్చి చూసుకుంటే అన్నీ ముదురుకాయలే. తల్లి తిడుతూ ఉంటే ఆమె చాన్నాళ్ల తర్వాత పగలబడి నవ్వింది.

అదిగో, అక్కడితో కథ సుఖంగా అయిపోవలసింది. కానీ మరుసటి ఆదివారం తెల్లవారేసరికి గౌరీదేవి గుండె ఆగిపోయింది.

శ్రీవిద్యకి ఆ కబురు యజ్ఞనారాయణ భార్య అచ్చమ్మ ఫోనులో చెప్పింది. "అమ్మా విద్యా, బేగి రా. మీ బాబాయి తువ్వాలు భుజాన ఏసేసుకున్నాడు."

తువ్వాలు భుజాన వేసుకున్నాడంటే పాడె పట్టడానికే. శ్రీవిద్య నెహ్రూ నగర్‌లో వాళ్లింటికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలీదు. వెళ్లేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్లకి చెప్పులు లేవు.

"బాబాయ్, ఎక్కడికి?"

"గౌరి పోనాది గదా."

"మీరు వెళ్లకూడదు. షరతు గుర్తుందా? తల కూడా ఊపారు."

"ఊపేను. అప్పటికి గౌరి బతికున్నాది."

"బాబాయ్!"

"అరవకు బేటా, కూకో. సంగతి విను. ఉదయ్ గాడు కొడుకు గదా, ఆడు నిప్పుకుండ పట్టాల. ఇంకెవులున్నారు? ఆడి బావ. పక్క క్వార్టరు సాహూజీ. అంతే. మనోళ్లు ఒక్కడూ ఆ గుమ్మం తొక్కలేదు."

"ఎందుకని?"

"నా మీద సాక్ష్యం సెప్పేడని. నా మీద ప్రేమంట! ఈ ప్రేమని ఏ గోతిలో కప్పెట్టాలో తెలీడం లేదు."

"శవాల బండి వస్తుంది కదా."

"బండొచ్చి మెట్లెక్కుద్దేటి? మేడ మీంచి దింపాల, మళ్లీ ముక్తిధామ్ మసాణం గేటు కాడి నుంచి కట్టెల దాకా మొయ్యాల."

"అయితే మీ మనుషులకి ఫోన్ చేసి పంపండి. మీరు మాత్రం కదలొద్దు."

"పొద్దుట్నించీ అదే పని. 'నేతాజీ, ఆ గద్దార్ ఇంటికి, ఆ ద్రోహి గుమ్మానికి మేం ఎల్లం' అంటన్నారు. 'మీరు ముందు నడిస్తే ఎనకాల ఒస్తాం' అంటన్నారు."

నేనే నలుగురిని తీసుకెళ్తాను అనబోయి శ్రీవిద్య ఆగిపోయింది. ముద్దాయి వకీలు సాక్షి ఇంటికి మనుషుల్ని తోలిందంటే అది ఇంకా పెద్ద నేరం. కోర్టు అనుమతి అడుగుదామంటే ఆదివారం, హైకోర్టు ఎక్కడో బిలాస్‌పూర్‌లో. శవం కాగితం కోసం ఆగదు. ఎటు చూసినా గోడే. ఇక దాచి లాభం లేదని బజారులో విన్న మాట బయటపెట్టింది.

"బాబాయ్, ఉదయ్ నిజం చెప్పబోతున్నాడు. గౌరత్త స్వయంగా నాతో చెప్పింది. ఈ ఒక్క రోజు మీరు ఇల్లు కదలకపోతే మనం గెలిచినట్టే. వెళ్లారా, ఆ నిజం చెల్లదు. మీరు బెదిరించి చెప్పించారంటారు."

యజ్ఞనారాయణ తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. శ్రీవిద్యకి ప్రాణం లేచి వచ్చింది.

"నిజిం సెల్లకపోతే అది కోర్టు తప్పు గానీ నా తప్పేటమ్మా?"

"శిక్ష పడేది కోర్టుకి కాదు బాబాయ్, మీకు!"

గుమ్మంలోంచి అచ్చమ్మ అందుకుంది. "అలగ సెప్పు! నా మాట ఈ గోడలైనా ఇన్నాయి గాని, ఆ మనిసి ఎప్పుడూ ఇన్నేదు."

"మనం ఊరొగ్గీసి ఒచ్చినోళ్లం," అన్నాడాయన మెల్లిగా. "ఇక్కడ మనకి పెదనాన్న కొడుకులున్నారా, మేనమామలున్నారా? ఎవుడు పోయినా షిఫ్టు దిగినోడే అన్నదమ్ముడు. గౌరి మొగుడు పోయిన నాడు నానే మోసేను. ఇప్పుడు నా మూలాన ఆ మనిసి గుమ్మంలో పడుంటే, ఇంట్లో కూకుని కూడెలా తింటాను?"

శ్రీవిద్య తండ్రి ధర్మారావు బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు ముందు కుడివైపు భుజం పట్టింది ఈయనే. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకి కోపం వచ్చేది. కోపం వచ్చి ఉంటే, తలుపుకి అడ్డం నిలబడైనా ఆపేదేమో. ఆయన తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, ఆమె తల నిమిరి, మెట్లు దిగిపోయాడు.

ఆమె కారులో వెనకే వెళ్లి, సెక్టర్ 2 వీధి మలుపులో ఆపుకుంది. అంతకంటే ముందుకి వెళ్లడానికి ఆమెకీ లేదు. యజ్ఞనారాయణ నడుస్తుంటే స్కూటర్లు ఆగాయి, తలుపులు తెరుచుకున్నాయి. పొద్దుటి నుంచి ముఖం చాటేసిన వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి వెనక చేరారు. క్వార్టరు ముందు ఉదయ్ ఆయన్ని చూసి కాళ్ల మీద పడిపోయాడు.

"లెగు. ఏడుపు తరవాత. కుండ పట్టు," అన్నాడాయన.

పాడె లేచింది. ముందు కుడివైపు యజ్ఞనారాయణ. అంతా సవ్యంగానే నడిచింది, వీధి మలుపు వరకూ. మరి అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఆయన ముందు నడుస్తుండగా వెనక నడిచినప్పుడల్లా ఆ జనానికి తెలిసిన పని ఒకటే. ఎవడో కుర్రాడు పిడికిలెత్తి అరిచాడు.

"యజ్ఞనారాయణ!"

"జిందాబాద్!" అంది వీధి మొత్తం.

"నోర్ముయ్యండ్రా! ఇది ధర్నా కాదురా, శవంరా!" అని ఆయన మొత్తుకున్నాడు. పాడె కింద మెడ తిప్పడానికి లేదు. ఆ మాట జిందాబాద్‌లో కలిసిపోయింది. మేడల మీద నుంచి ఫోన్లు లేచాయి. మలుపులో కారులో ఉన్న శ్రీవిద్య స్టీరింగు మీద నుదురు ఆనించి కళ్లు మూసుకుంది.

సాయంత్రానికి ప్రతి టీవీలోనూ అదే బొమ్మ. సాక్షి గుమ్మంలో నేత బలప్రదర్శన అని కింద రాత. ఆయన నోరు తెరిచి అరుస్తున్నది కనబడుతోంది గాని, ఏం అరుస్తున్నాడో వినబడటం లేదు. జనాన్ని రెచ్చగొడుతున్నట్టే ఉంది.

బిలాస్‌పూర్‌లో జడ్జిగారు శ్రీవిద్యని ఎక్కువ అడగలేదు. వెళ్లారా, లేదా? వెళ్లారు. షరతు తెలుసా? తెలుసు. చావు సంగతి, మనుషులు లేని సంగతి ఆమె చెప్పుకుంటూ పోతుంటే ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని బెయిలు రద్దు చేశాడు. యజ్ఞనారాయణ మళ్లీ లోపలికి పోయాడు.

దుర్గ్ కోర్టులో వాయిదా రోజున ఉదయ్ బోనులోకి వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలకలెత్తుతున్నాయి. చేతులు కట్టుకుని, నెమ్మదిగా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆయన కొట్టమనలేదు. వద్దు, వెనక్కి రమ్మన్నాడు. తాను ఠాణాలో భయపడి అబద్ధం చెప్పాడు.

ఏడాది నుంచి శ్రీవిద్య ఈ మాట కోసమే ఎదురుచూసింది. ప్రభుత్వ వకీలు తాపీగా లేచాడు. సాక్షి అడ్డం తిరిగాడు గనక తనే ప్రశ్నించాలన్నాడు. జడ్జిగారు సరేనన్నారు.

"మీ అమ్మ పాడె ముందు పట్టింది ఎవరు?"

"బాబాయ్."

"ఆయన నీకు చుట్టమా?"

"కాదు సార్."

"ఎంతమందిని వెంటపెట్టుకొచ్చాడు?"

"చాలామంది వచ్చారు."

"నీ తల్లి శవం ఎదుట వాళ్లు ఎవరి పేరు చెప్పి జిందాబాద్ కొట్టారు?"

ఉదయ్ తల వంచుకున్నాడు. "ఆయన పేరే."

"అయితే ఆయన రుణం తీర్చుకోవడానికి మాట మార్చావా, ఆ గుంపుకి భయపడి మార్చావా?"

"రెండూ కాదు సార్. అమ్మ పోకముందే ఆమెకి ఒట్టేశాను."

"ఎవరు విన్నారు?"

"అమ్మే విన్నది."

ప్రభుత్వ వకీలు చేతులు చాచి జడ్జిగారి వైపు చూసి కూర్చున్నాడు.

శ్రీవిద్య లేచి నిలబడింది. ఆ ఒట్టు సంగతి పోయినావిడ నోట విన్నది తానే. వకీలు గౌను వేసుకుని సాక్ష్యం చెప్పడానికి లేదు. గౌను తీసేసి చెప్పినా, సాక్షి తల్లితో బజారులో రహస్యంగా మాట్లాడారా అంటారు. పోనీ, ఆయన రాకపోతే మీ అమ్మని ఎవరు మోసేవారు అని అడుగుదామా అంటే, ఎవరూ లేరు సార్ అంటాడు కుర్రాడు. రుణం మరింత పెద్దదవుతుంది. ఒక్కో ప్రశ్నా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. జడ్జిగారు కలం ఎత్తి ఆమె కోసం ఆగారు.

"ప్రశ్నలు లేవు," అని కూర్చుంది.

తర్వాత కోర్టు వసారాలో, పోలీసులు బండి కోసం చూస్తుండగా, యజ్ఞనారాయణ బెంచీ మీద కాస్త జరిగి ఆమెకి చోటిచ్చాడు.

"ఏటమ్మా, ఆడినేటీ అడగలేదు?"

"ఏం అడిగినా మీ మీదకే వచ్చేది బాబాయ్."

"కుర్రోడు నిజిం సెప్పేడు గదా. జడ్జీ ఇన్నాడు గదా."

"విన్నారు. నమ్మినట్టు లేరు."

ఆయన తల ఊపాడు. ఈసారి ఊపిన తీరు వేరుగా ఉంది. బేడీల గొలుసున్న చెయ్యి మోకాలి మీద సర్దుకున్నాడు. మంత్రుల్ని నిలబెట్టి మాట్లాడిన మనిషి గొంతు తగ్గించి, పోలీసుకి వినబడకుండా అడిగాడు.

"గుంటా, మరి నాను ఇంటికెప్పుడెల్తాను?"

ఇన్నాళ్లలో ఆయన తన గురించి ఆమెని అడిగిన ప్రశ్న అదొక్కటే. శ్రీవిద్య నోరు తెరిచింది. వచ్చే వాయిదా తారీఖు తప్ప ఆమె దగ్గర ఇంకే మాటా లేదు. అదే చెప్పింది.