వేలిముద్ర పడని రోజు

నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

ఆ ఉదయం కూడా అంట్లు తోమే వీసా ఆఫీసుకి బయల్దేరాను. విజిటర్ వీసా గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆలోగా వర్క్ వీసాకి కాగితాలు పెట్టకపోతే తిరుగు విమానం ఎక్కాలి. దిగితే ఆడపడుచు వంటిల్లు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఎవరింట్లో పురుడొస్తే వాళ్ళింటికి, ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళింటికి నన్ను పంపుతూనే ఉన్నారు. ఈ పరాయి దేశానికీ తోడికోడలి పురుడుకే వచ్చాను.

ఒకసారి మరిది చొక్కాకి చిరిగిన కాజా చేత్తో కుట్టాను. ఆ చొక్కా వీధి చివరి టైలరు దుకాణానికి మరమ్మతుకు వెళ్తే, దుకాణం ఆవిడ ఆ కాజాని వేలితో తడిమి, కుట్టిందెవరని వెతుక్కుంటూ వచ్చింది. మన భాషే ఆవిడది. “ఇంత పనితనం పెట్టుకుని ఇక్కడ అంట్లు తోముతున్నావా తల్లీ? కాగితాలు నేను పెడతాను. దుకాణం పైన గది కూడా ఖాళీగానే ఉంది” అంది.

“హాయిగా కూర్చోబెట్టి తిండి పెడుతుంటే, ఊళ్ళోవాళ్ళ చొక్కాలు కుట్టే ఖర్మేమిటక్కా!” అంది తోడికోడలు, పిల్లాడి తడిగుడ్డ నా చేతికిస్తూ. మరిది మాత్రం నెమ్మదిగానే చెప్పాడు. “నీకు ఆఫీసుల సంగతి తెలీదు వదినా. విజిటర్ వీసా మీద పని చెయ్యకూడదు. చేశానని ఒక్క మాట జారావో, ఆ రోజే విమానం ఎక్కిస్తారు.” నెమ్మదిగా చెప్పాడు కాబట్టే భయం ఎముకల్లోకి దిగింది. బస్సులో దారి పొడుగునా వల్లించుకున్నాను: ఏ పనీ చెయ్యలేదు, ఊరికే కూర్చున్నాను, ఏ పనీ చెయ్యలేదు.

కౌంటరులో అధికారి, పక్కన మన మాటలు ఆయనకి చెప్పే అమ్మాయి. బొటనవేలు అద్దం మీద పెట్టమన్నారు. ఎర్రదీపం వెలిగింది. గుడ్డతో తుడిచి పెట్టాను. మళ్ళీ ఎరుపే. పదివేళ్ళూ అయ్యాయి. అధికారి నా చెయ్యి వెల్లకిలా తిప్పి చూసి ఏదో అడిగాడు. “గీతలు అరిగిపోయాయట పిన్నిగారూ. మీరేం పని చేస్తారని అడుగుతున్నారు” అంది ఆ అమ్మాయి.

ఏ పనీ లేదందామంటే ఎదురుగా నా చెయ్యే ఉంది. చేశానంటే విమానం. వల్లించిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని పైకి అంటే, ముప్పై ఐదేళ్ళుగా ఇంట్లో అందరూ అంటున్న అబద్ధానికి నేనూ సాక్ష్యం చెప్పినట్టే. “అంట్లు తోముతాను. బట్టలుతుకుతాను. వండుతాను. పసివాణ్ణి చూసుకుంటాను” అన్నాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. “ఇది చెప్పమంటారా?”

“చెప్పమ్మా.”

అధికారి టైపు చేయడం ఆపేశాడు. ఎవరింట్లో అన్నాడు. మరిది ఇంట్లో అన్నాను. జీతమెంత అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు, భయంలోనూ నవ్వొచ్చింది. లేదన్నాను. ఆయన భుజాలెగరేశాడు. “అయితే అది పని కింద రాదట” అంది అమ్మాయి, నా కళ్ళలోకి చూడకుండా. ‘ఇంట్లో నీకు పనేముంది?’ అని మా ఆయన రోజూ అనేవాడు. ఆ మాట నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే.

మరి సంతకం వచ్చా అని అడిగారు. వచ్చన్నాను. పాస్‌పోర్టులో వేలిముద్ర ఉందేమని అనుమానపడ్డారు. “అప్పటికే నాకు రాయడం వచ్చు. మరిదే ‘చదువురాని మనిషి, వేలిముద్ర వేయించుకోండి’ అన్నాడు. నన్నెవరూ అడగలేదు” అన్నాను. వెనక వరుసలో దగ్గులు మొదలయ్యాయి. సంతకం మొత్తం పెట్టాను. పెట్టాక, చిరునామా గడిలో మరిది రాసిచ్చిన ఇంటి చిరునామా కొట్టేసి, దుకాణం పైగది అని రాశాను.

“ఈ చిరునామా ఖాయమేనా?”

“ఇవాళ్టి నుంచి ఖాయం.”

కాగితాలు తీసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. తలుపు చప్పుడైతే చేతిలో సూది జారిపోతోంది. వెతికి తీసుకుని, ఆగిన కుట్టు దగ్గరే మొదలుపెడుతున్నాను.

కాజాలమ్మ (దుకాణంలో పెట్టిన పేరు),
వయసు యాభై ఎనిమిది,
టైలరు దుకాణం పైగది.